గోటి మీద పాలచుక్క

12 నవంబరు 1933, ఏలూరు

ఈ పుస్తకం నా ఒక్కడి కోసం. ఇంకెవరైనా తెరిస్తే వాళ్ళ చేతులు విరుగుతాయి. విరగ్గొట్టే బలం ప్రస్తుతం నాకు లేదు. రాసుకోవడానికేం!

నాకు పదిహేడేళ్ళు. వానాకాలమంతా కొల్లేట్లో మా లంక మీద చలిజ్వరంతో పడి ఉన్నాను. కడుపులో ఎడం పక్క బల్ల పెరిగి గట్టిపడింది. క్వినైను తాగి తాగి చెవుల్లో ఇప్పటికీ హోరు. చివరికి నాన్న నన్ను దోనెలో పడుకోబెట్టి గట్టుకి చేర్చి, అక్కణ్ణించి బండి మీద ఇక్కడ గంగారత్నం అక్క ఇంట్లో దించి వెళ్ళిపోయాడు. దోనె కదులుతుంటే రేవులో సత్తిరాజు అరిచాడు.

"ఒరే, కొంగ ఎగిరిపోతోందిరా! మళ్ళీ ఏటికి వస్తుందో రాదో!"

అందరూ నవ్వారు. నా కాళ్ళు అలాగే ఉన్నాయి మరి. నాన్న కూడా నవ్వాడేమో తెలీదు. తల తిప్పి చూసే ఓపిక లేకపోయింది.

19 నవంబరు

గ్రంథాలయంలో దేహదారుఢ్యం మీద చిన్న పుస్తకం దొరికింది. "బలహీనుడు దేశానికి బరువు" అని మొదటి పేజీలోనే ఉంది. ఎవరో నా మొహం చూసి రాసినట్టు అనిపించింది. అక్కడే నిలబడి చివరిదాకా చదివేశాను. ఇంకా పాలల్లో కల్తీ మీద ఒకటి, బద్ధకం మీద ఒకటి తెచ్చుకున్నాను. నాలాంటి వాళ్ళు లక్షమంది లేచి నిలబడితే ఈ దేశాన్ని ఎవడాపుతాడు?

ముందు నేను నిలబడాలి.

3 డిసెంబరు

పవరుపేటలో తాలింఖానాకి, కసరత్తు నేర్పే చోటికి, వెళ్ళాను. నేర్పే ఆయన నరసింహరాజు గారు. అరవై దాటాయి, మెడ మాత్రం దున్నపోతు మెడ. చిన్నపిల్లాడినైనా మీరు అంటారు.

"ఎన్ని దండీలు తీయగలరండీ?"

"పది తీస్తానండి."

"తీయండి."

రెండోదానికి నా మొహం గోదా మట్టిలో ఉంది. చుట్టూ నవ్వు. కొల్లేరు రేవులో నవ్వే అది! లేచి ఎవణ్ణో ఒకణ్ణి కొట్టేద్దామనుకున్నాను, లేవడమే చేతకాలేదు.

"నవ్వకండర్రా, మీ ముక్కులూ ఈ మట్టి చూసినవే" అన్నారాయన. "వీరాస్వామి గారూ, రేపు రెండు తీయండి. ఎల్లుండీ రెండే. తొందరపడితే బలం రాదు, కోపం వస్తుంది. అది మీకు ముందే ఉన్నట్టుంది."

4 డిసెంబరు

రెండు.

5 డిసెంబరు

రెండు.

6 డిసెంబరు

మూడు. రాజుగారికి చెప్పలేదు.

10 డిసెంబరు

పోలయ్య బావ జనపనార మిల్లు నుంచి పురికొస ముక్క తెచ్చాడు. అక్క దాన్ని నా దండచెయ్యికి చుట్టి, కలిసిన చోట ముడి వేసింది. నెలకో ముడి వెయ్యాలని పుస్తకంలో ఉంది.

"అయ్యో, నా చెయ్యే నయంరా" అని ఆ ముడి దాకా తన చెయ్యికి చుట్టి చూసుకుంది. అందలేదు. రెండు వేళ్ళ ఎడం మిగిలింది. పడీ పడీ నవ్వింది. అక్క నవ్వితే నాకు కోపం రాదు.

పాలు కుదిర్చింది. మంగమ్మ అని దెందులూరు వైపు నుంచి నెత్తిన కుండ పెట్టుకుని తెల్లారేసరికి వస్తుంది. రోజుకి తవ్వెడు. పుస్తకంలోనూ అంతే ఉంది.

14 జనవరి 1934

ఇరవై దండీలు, నలభై బస్కీలు. రాత్రి చెమట పట్టడం ఆగింది. అద్దంలో మెడ కింద గుంటలు పూడుతున్నాయి. ఎన్నో నెలల తరవాత మొదటిసారి, పొద్దున్న లేవగానే ఇవాళ ఏం చేద్దామా అనిపించింది. ఈ మాట రాస్తుంటే కళ్ళనీళ్ళొచ్చాయి. పుస్తకంలో కళ్ళనీళ్ళ సంగతి ఏమీ లేదు.

అక్కకి మూడో నెలట. మంగమ్మ కొలత పోశాక ఇంకో గిద్దెడు కొసరు పోస్తుంది. "ఇది నీకు తల్లీ, నా ఎదురుగానే తాగెయ్యి" అంటుంది. అక్క "తాగుతాలే" అని గిన్నె లోపలికి తీసుకెళ్తుంది.

2 ఫిబ్రవరి

బావ వారంలో సగం రోజులు ఇంట్లోనే ఉంటున్నాడు. బద్ధకం బాగా ఎక్కువైంది. బద్ధకం మీద పుస్తకంలో రెండో అధ్యాయం చదివి వినిపించాను. అంతా విని, చుట్ట వెలిగించుకుని, "బాగా రాశాడ్రా" అన్నాడు. ఇలాంటి వాళ్ళని ఎలా బాగుచెయ్యాలి?

18 ఫిబ్రవరి

కొల్లేరు వెళ్ళొచ్చాను. రాయకుండా ఉండలేను.

నీళ్ళు తీశాయి. రేవు దగ్గర సత్తిరాజు దోనె వలలతో సహా బురదలో కూరుకుపోయింది. ముగ్గురు తోస్తున్నారు. కదల్లేదు. నేను చొక్కా విప్పి గట్టు మీద పెట్టి మోకాలి లోతు బురదలో దిగాను. రాజుగారు చెప్పినట్టు నడుం వంచకుండా, ఊపిరి బిగించకుండా, కాళ్ళతో లేపాను. ముందు చప్పుడు వచ్చింది, బురద నోరు తెరిచినట్టు. తరవాత దోనె వచ్చింది.

ఎవరూ నవ్వలేదు.

"ఎవరి తాలూకండీ తమరు?" అన్నాడు సత్తిరాజు వేళాకోళంగా. దగ్గరికొచ్చి మామూలు గొంతుతో, "వీరాస్వామీ, ఎలా అయ్యావురా ఇలా?" అన్నాడు.

వచ్చేటప్పుడు నాన్న నీళ్ళకుండలో నాలుగు కొరమేనులు వేసి ఇచ్చాడు. "అక్కకి. కడుపుతో ఉన్న పిల్ల, పులుసు పెట్టుకోమను" అన్నాడు.

అక్క వండింది. అక్కకి ఈ నెలల్లో ఆ వాసన పడదట. మూడు నేనే తిన్నాను. ఒకటి బావకి.

10 మార్చి

నాలుగో ముడి. మొదటి ముడికీ దీనికీ బెత్తెడు తేడా. రాతి గుండు మోకాలి దాకా లేచింది.

ఇంట్లో అన్నం ముందు నాకూ బావకీ పెడుతుంది అక్క. తరవాత తను. అన్ని ఇళ్ళల్లోనూ అంతే కదా. "నువ్వూ కూర్చోవే" అంటే "నాది తరవాత" అంటుంది. తరవాత అడిగితే "అయిందిగా" అంటుంది.

21 మార్చి

పాలు పల్చగా ఉన్నాయి.

22 మార్చి

కల్తీ పుస్తకంలో పరీక్ష ఉంది. బొటనవేలి గోటి మీద చుక్క వెయ్యాలి. మంచి పాలైతే ముత్యంలా నిలబడుతుంది, నీళ్ళ పాలైతే జారిపోతుంది. అక్క ఇచ్చిన గ్లాసులోంచి వేసి చూశాను. జారింది.

అక్కకి చెప్తే, "ఎండలు ముదిరాయి కదరా, పచ్చగడ్డి లేక గేదె పల్చగా ఇస్తోంది" అంది.

24 మార్చి

జారింది.

25 మార్చి

జారింది. కల్తీ చేసేవాడు దేశద్రోహి. ఇది నా మాట కాదు, అచ్చులో ఉంది.

1 ఏప్రిల్

అక్క గాజులు మోచేతి దాకా జారుతున్నాయి. పెద్ద సైజువి వేయించుకున్నట్టుంది.

మంగమ్మ కుండలో పాలకి కూడా పరీక్ష చేద్దామనుకున్నాను. ఎందుకు? ఫలితం తెలిసిందే కదా.

15 ఏప్రిల్

ఇవాళ నేను ఊరుకోలేదు.

మంగమ్మ మా గుమ్మం ముందుకొచ్చి నిలబడింది. కుండ ఇంకా నెత్తినే ఉంది. అటూ ఇటూ ఇళ్ళవాళ్ళు గిన్నెలతో నిలబడి ఉన్నారు.

"ఇందులో పాలెన్ని, నీళ్ళెన్ని?" అన్నాను.

"అదేంటి బాబూ, పొద్దున్నే!"

"నెలరోజుల్నించి చూస్తున్నాను. నీళ్ళు పోసి అమ్ముతున్నావు."

"నా గేదె మీ కొల్లేట్లో పుట్టలేదు బాబూ, పొదుగులోంచి నీళ్ళు రావడానికి!"

ఆడవాళ్ళంతా ఫక్కున నవ్వారు. ఆ నవ్వుకి ఒళ్ళు మండిపోయింది. దాని నెత్తిమీది కుండని ఒక్క చేత్తో, నిండు కుండని ఒక్క చేత్తో పైకెత్తి, రోడ్డు మీద బోర్లించాను. కుండ పగలగొట్టలేదు. అహింస పాటించాను.

మంగమ్మ కేకలు వెయ్యలేదు. మా గుమ్మం వైపు చూసింది. అక్క అక్కడ పైటకొంగు నోట్లో కుక్కుకుని నిలబడి ఉంది. ఇద్దరూ అలా కాస్సేపు చూసుకున్నారు.

"కలిపానేమో బాబూ" అంది మంగమ్మ నెమ్మదిగా. "కలిపాననే అనుకోండి." ఖాళీ కుండ తీసుకుని వెళ్ళిపోయింది.

ఒప్పుకుంది! నలుగురి ముందూ ఒప్పుకుంది! మా వీధిలో పదకొండు ఇళ్ళూ రేపట్నించి దానికి వద్దన్నాయి. పుస్తకాలు ఊరికే అచ్చవుతాయా?

పాలు దుమ్ములో ఇంకడానికి చాలాసేపు పట్టింది. తెల్లగా మీగడ కట్టినట్టు ఉండిపోయాయి. కుక్కలు వచ్చాయి.

16 ఏప్రిల్

రాజుగారు గోదాలో దిగనివ్వలేదు.

"చెయ్యెత్తారటగా ఆడమనిషి మీద?"

"చెయ్యెత్తలేదండి. కుండ ఎత్తానండి."

"ఎంత బరువుందండీ?"

"ఇరవై శేర్లుంటుందేమోనండి."

"దాన్ని రోజూ నాలుగు మైళ్ళు మోసుకొచ్చేది ఆవిడ. మీరు గుమ్మంలో ఒక్కసారి ఎత్తారు. ఆవిడ పాలు తాగి ఎత్తారు." తువ్వాలు భుజాన వేసుకున్నారు. "ఆవిడ దగ్గరికెళ్ళి రండి. వచ్చాక దిగుదురుగాని."

రాజుగారు మంచివారే. ఉద్యమం అంటే ఏమిటో తెలీదు.

17 ఏప్రిల్

వెళ్ళలేదు. ఇంట్లోనే దండీలు తీశాను. వంద.

6 మే

కొత్త పాలవాడి పాలు. జారుతున్నాయి. వీడూ దొంగే.

24 మే

అక్క నూతి దగ్గర పడిపోయింది. బిందె చప్పుడుకి పరిగెత్తాను. ఏడో నెల దాటింది. రెండు చేతులమీదా ఎత్తుకుని మిషను ఆసుపత్రికి నడిచాను. బండి కోసం ఆగలేదు. దారిలో ఎక్కడా దించలేదు. రొప్పు రాలేదు. రొప్పు రాలేదని నాకు దారిలోనే తోచింది. అది తోచినందుకు

24 మే, మధ్యాహ్నం

నర్సు మార్తమ్మ గారు అక్క కనురెప్ప కిందికి లాగి చూశారు. సున్నంలా ఉంది.

"ఒంట్లో చుక్క రక్తం లేదు. ఈవిడ ఏం తింటోందండీ?"

"మేం తినేదేనండి."

"మీరు చూశారా?"

"మేం తిన్నాక తింటుందండి."

"అంటే చూళ్ళేదు."

వరండాలో కూర్చున్నాం బావా నేనూ. నేను మళ్ళీ మొదలుపెట్టాను. ఆ మంగమ్మ వల్లే, నీళ్ళ పాలు పోసి నా అక్కని చంపుతోంది, దాన్ని ఊళ్ళో ఉండనివ్వను అని. బావ చాలాసేపు విన్నాడు. బావ ఎప్పుడూ వింటాడు.

"నోరు ముయ్యరా" అన్నాడు.

బావ నన్ను అలా అనడం ఇదే మొదలు.

"జనవరి నుంచి మిల్లులో వారానికి మూడు రోజులే పని. నీకు చెప్పొద్దని ఒట్టు పెట్టించుకుంది. తవ్వెడు పాలు సగానికి, సోలెడు చేయించింది. గ్లాసు సగానికి దిగితే నువ్వు అడుగుతావని నీళ్ళు పోసి నింపేది. మీ అక్కేరా పాలల్లో నీళ్ళు కలిపింది. మంగమ్మకి తెలుసు."

లేచి లోపలికి, అక్క మంచం దగ్గరికి వెళ్ళాను.

జేబులో పురికొస ఉంది. ఎప్పుడూ ఉంటుంది. అక్క నిద్రపోతుంటే ఆమె దండచెయ్యికి చుట్టాను. మొదటి ముడి దాకా. జ్వరం నుంచి లేచిన నా చేతి ముడి. అప్పుడు అక్కకి అందని ముడి.

వదులుగా ఉంది.

27 మే

ఆడపిల్ల. ఏడవలేదు.

28 మే

గొయ్యి నేనే తవ్వాను. కాలవ అవతల. ఎండకి నేల బండలా ఉంది, గునపం బావ చేతిలోంచి లాక్కున్నాను. నాలుగైదు పోట్లు వేశానో లేదో, "చాల్లేరా, ఇంకా ఎందుకు" అన్నాడు బావ.

నిజమే. చాలా చిన్న గొయ్యి. దానికి ఇంత బలం అక్కర్లేదు.

29 మే

30 మే

పుస్తకాలు గ్రంథాలయంలో ఇచ్చేశాను. పుస్తకాల తప్పేముంది? గ్లాసు నాది, గోరు నాది. కుండలో చూడకుండా తీర్పు చెప్పింది నేను.

4 జూన్

వీధిలో పదకొండు ఇళ్ళకీ వెళ్ళాను. మంగమ్మ పాలల్లో నీళ్ళు లేవు, నేనే అబద్ధం చెప్పాను అన్నాను. రెండిళ్ళలో తలుపు వేసేశారు. ఎదురింటి నాగమణి గారు, "మాకు తెలుసు బాబూ. పదేళ్ళు తాగాం ఆవిడ పాలు" అన్నారు.

"తెలిస్తే ఎందుకు మానేశారండీ?"

"మీ చెయ్యి చూసి భయమేసిందండీ" అన్నారు.

నేనంటే జనం భయపడాలని ఒకప్పుడు ఎంత కోరుకున్నాను! ఈ పుస్తకంలో ఎక్కడో రాశానేమో కూడా. వెతకను.

7 జూన్

మంగమ్మ ఊరు వెళ్ళాను. పాకకి తడిక కట్టేసి ఉంది. ఇళ్ళన్నీ మానేశాక గేదెకి మేత కొనలేక సంతకి తోలి అమ్మేసిందట. తాడేపల్లిగూడెంలో కూతురు దగ్గరికి పోయిందన్నారు. గాటి దగ్గర పలుపుతాడు అలాగే ఉంది.

10 జూన్, తాడేపల్లిగూడెం స్టేషనులో

బండి వచ్చేలోపు రాసుకుంటున్నాను.

బియ్యం మిల్లు కల్లంలో దొరికింది. ఉడకబెట్టిన వడ్లు ఎండలో పరిచి, ఆడవాళ్ళు వరసగా కాళ్ళతో చాళ్ళు తీస్తున్నారు. అందులో ఆవిడ. నన్ను చూసి ఆగలేదు. చాలు చివరిదాకా వెళ్ళి, తిరిగి, నా దగ్గరికి వచ్చి నిలబడింది.

"అక్కగారికి ఏ బిడ్డండీ?" అంది.

నేను తల ఎత్తలేదు. ఆవిడ మళ్ళీ అడగలేదు. కొంగుతో మొహం తుడుచుకుంది. చెమటో ఏమో.

"ఆవేళ ఎందుకు చెప్పలేదండీ?" అన్నాను. ఆవిణ్ణి అండీ అనడం నాకదే మొదలు. "నలుగురి ముందూ ఎందుకు ఒప్పుకున్నారు?"

"ఆవిడ గుమ్మంలో నిలబడి నావంక చూసింది బాబూ. కడుపుతో ఉన్న మనిషి అలా చూస్తే ఏం చెప్తాను? చెప్తే వీధిలో ఆవిడ ఇంటి గుట్టు పోదా?" కాలికి అంటిన వడ్లు దులుపుకుంది. "నా బాధ పాలు పోయినందుకు కాదు. కొసరు పోయినందుకు. ఆ గిద్దెడైనా ఆవిడ కడుపులో పడుతుందని పోసేదాన్ని. నిలబడి తాగమ్మా అంటే తాగేది కాదు. అదీ మీ గ్లాసులోకే వెళ్ళేదేమో, నాకేం తెలుసు?"

వెళ్ళేది. ఇప్పుడు తెలుసు. తెల్లారి పాలు, సాయంత్రం కూడా అర గ్లాసు. సాయంత్రానివి ఎక్కడివని నేను అడగలేదు.

"నన్ను కొట్టండి" అన్నాను. పక్కనున్న ఆడవాళ్ళు చూస్తున్నారు. చూడనీ.

మంగమ్మ నా భుజం వంక పైనించి కిందికి చూసింది. "కొడితే నా చెయ్యే నొప్పెడుతుంది బాబూ. రాయి చేసుకున్నారు ఒళ్ళు."

ఎవరో కిసుక్కుమన్నారు. నాకు ఒళ్ళు మండలేదు.

"ఏలూరు వచ్చెయ్యండి. ఇళ్ళన్నీ నేను కుదురుస్తాను."

"వచ్చి? గేదేదీ?"

పైన మబ్బు పట్టింది. మేస్త్రి కేకలు వేస్తున్నాడు, వడ్లు ఎత్తెయ్యండి ఎత్తెయ్యండి అని. మంగమ్మ చాట అందుకుంటూ, "ఊరికే నిలబడకపోతే ఆ బస్తాలు మిల్లు పంచలోకి వెయ్యరాదూ" అంది.

వేశాను. కల్లం ఖాళీ అయ్యేదాకా వేశాను. ఎన్నని లెక్కపెట్టలేదు. అంతా అయ్యాక చూస్తే ఆవిడ లేదు. వెళ్ళొస్తానని చెప్పడానికి కూతురి ఇల్లెక్కడో అడిగాను. ఎవరూ చెప్పలేదు.

11 జూన్

రాజుగారి దగ్గరికి వెళ్ళి గోదా బయటే నిలబడి జరిగిందంతా చెప్పాను. ఆయన వంగి గుప్పెడు మట్టి తీసి, నా చేతిలో పెట్టకుండా, తన చేతిలోనే నలుపుతూ కూర్చున్నారు.

"ఆలస్యమైందండీ" అన్నారు చివరికి. "ఏప్రిల్లో వెళ్ళమన్నాను."

"దిగొచ్చాండీ?"

"దిగండి. మళ్ళీ జ్వరం తెచ్చుకుంటే ఆవిడ పోసిన పాలు కూడా వృథా."

మంగమ్మనన్నారో అక్కనన్నారో. రెండు దండీలు తీశాను. రెండే.

20 జూన్

రోజూ పొద్దున్న కూరగాయల మార్కెట్టులో బస్తాలు దింపడానికి కుదిరాను. బావకి నచ్చలేదు. అక్కకి అసలే నచ్చలేదు, "చదువుకుంటానన్నావు కదరా" అంది. చదువుకుంటాను. చదివింది నమ్మే ముందు కుండలో చెయ్యి పెట్టి చూస్తాను.

1 జూలై

అక్క లేచి తిరుగుతోంది. ఇవాళ వంట తనే చేసింది. బావకీ నాకూ విస్తళ్ళు వేసింది. "నువ్వు కూర్చుంటేగాని తినను" అన్నాను.

"నాది తరవాత."

"అయితే నాదీ తరవాతే."

"చాల్లే, చల్లారిపోతోంది."

"చల్లారనీ."

బావ ఒకసారి ఆమె వంకా, ఒకసారి నా వంకా చూసి, విస్తరి ముందు చేతులు కట్టుకుని కూర్చున్నాడు. నేను లేచి అన్నం కుండ మూత తీశాను. ఇన్నాళ్ళూ ఎత్తగలిగి ఎత్తనిది ఇదొక్కటే. ఇద్దరికి సరిపడా ఉంది. ముగ్గురికి లేదు. మూడు భాగాలు చేశాను. అక్క తల వంచుకుని తింది, ఎవరో తిడుతుంటే తిన్నట్టు.

సాయంత్రం పాలగ్లాసు తెచ్చి నా ముందు పెట్టింది. సగమే ఉన్నాయి. నీళ్ళు కలిపి నింపలేదు.

గోటి మీద చుక్క వేసుకోలేదు. సగంలో సగం తాగి గ్లాసు ఆమె చేతికిచ్చాను. అక్క గోడవైపు తిరిగింది. తిరిగి నిలబడ్డ మనిషి వంక చూడకూడదేమో. చూశాను.

తాగింది.